పాదం వాలింది, స్కాన్ నడుమును చూపింది: ఒక జీడిపప్పు కార్మికురాలి కేసు

శ్రీకాకుళం జిల్లా పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల ఫిజియోథెరపీ చేసేవాళ్లకు జీడిపప్పు పనివాళ్లు రోజూ ఎదురయ్యే రోగులే. మెడ పట్టేసిందనో, బొటనవేలి మొదట్లో నొప్పనో, మోకాళ్లు అరిగాయనో వస్తుంటారు. ఈ కేసు వాటిలో కలవదు. బాధ పాదంలో కనిపించింది, రిపోర్టు నడుమును చూపించింది, అసలు దెబ్బ మోకాలి పక్కన ఉంది. ఈ మూడు చోట్లనూ కలిపేది ఒకే నరం. అది ఏ కండరాల మధ్య నుంచి పోతుందో, ఏ పొర దాన్ని ఎముకకు ఆనించి పట్టి ఉంచుతుందో తెలిస్తే, చేతులతో పరీక్షించే చాలావరకు తేల్చుకోవచ్చు. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన ఫిజియోలకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. రోగి అనుమతి ఉంది. ఊరు, వయసు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆమెది ఈ జిల్లాలోనే ఉద్దానం ప్రాంతంలో ఒక ఊరు. వయసు నలభై దాటింది. పెళ్లయినప్పటి నుంచీ జీడిపప్పు ఒలిచే పనే. పెంకు తీసి ఆరబెట్టిన పప్పు మీద పలుచని ఎర్ర తొక్క ఉంటుంది. దాన్ని గోటితోనో చిన్న కత్తితోనో తీయాలి. కూలి కిలోల లెక్కన. గుండు విరిగి బద్ద అయితే ధర పడిపోతుంది కాబట్టి తలొంచుకుని, కదలకుండా, జాగ్రత్తగా చేయాలి. ఒకసారి కూర్చుంటే భోజనాల వేళ దాకా లేవరు.

ఎలా కూర్చుంటావమ్మా అని అడిగితే మాటల్లో చెప్పలేకపోయింది. క్లినిక్‌లో నేల మీదే కూర్చుని చూపించమన్నాను. ఎడమ మోకాలు నిలబెట్టి, కుడికాలు పూర్తిగా మడిచి, మోకాలి బయటి పక్కను నేలకు ఆనించి కూర్చుంది. ఒళ్లు కాస్త కుడివైపు వాలింది. నేలకు ఆనింది సరిగ్గా ఫిబ్యులా (పిక్క బయటివైపు ఉండే సన్నటి ఎముక) తలకాయ దగ్గర, దానికి వేలెడంత కింద ఉండే ఎముక మెడ దగ్గర. అక్కడి చర్మం నల్లబడి, కొద్దిగా కాయ కట్టి ఉంది. ఏళ్ల తరబడి అదే చోట ఒరిపిడి పడిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇన్నేళ్లూ లేని బాధ ఇప్పుడెందుకు వచ్చింది? అడగ్గా అడగ్గా బయటపడింది. ఈ బాధకు ముందు ఆమెకు టైఫాయిడ్ వచ్చింది. బాగా చిక్కిపోయింది. జ్వరంలో పోయిన కూలి, మందులకు చేసిన అప్పు తీర్చాలని, తేరుకున్న వెంటనే అందరికన్నా ముందు వెళ్లి అందరికన్నా ఆలస్యంగా లేచేది. ఒంట్లో కొవ్వు తగ్గినప్పుడు మోకాలి పక్కన పాదం వైపు వెళ్లే నరాన్ని (కామన్ పెరోనియల్ నరం) కాచే మెత్తటి పొర కూడా పలచబడుతుంది. త్వరగా బరువు తగ్గినవాళ్లలో ఈ నరం దెబ్బతినడం వైద్యంలో బాగా తెలిసిన విషయమే. కూర్చునే తీరు పాతదే. నేలకూ నరానికీ మధ్య అడ్డు తగ్గింది, నొక్కుడు గంటలు పెరిగాయి.

వచ్చినప్పటి బాధ

"కాలు లెగట్లేదు బాబూ. సెప్పు ఎక్కడ జారిపోతందో నాకే తెల్దు. గడప తగిలి పడిపోనాను కూడాను" అంది. కుడి పాదం పైభాగంలో తిమ్మిరి. నడుములో కుడివైపు నొప్పి. నడిచేటప్పుడు పాదం నేలకు తగలకుండా మోకాలిని ఎత్తెత్తి వేస్తోంది. అడుగు పడినప్పుడు మడమ కంటే ముందు వేళ్లు చప్పుడు చేస్తూ తగులుతున్నాయి.

అప్పటికే వేరే చోట చూపించుకుంది. ఎంఆర్‌ఐ తీశారు, ఎల్4-ఎల్5 (నడుములో నాలుగు, అయిదో వెన్నుపూసలు) మధ్య మెత్తలా ఉండే డిస్క్ కొంచెం ఉబ్బిందని వచ్చింది. నడుముకు ట్రాక్షన్ (బరువుతో వెన్నును లాగి ఉంచడం), బెల్టు, నొప్పి ఇంజెక్షన్లు, మాత్రలు నెల రోజులకు పైగా నడిచాయి. నొప్పి కొద్దిగా తగ్గింది, పాదం మాత్రం లేవలేదు. ఆపరేషన్ పడొచ్చన్న మాట చెవిన పడేసరికి ఆమె టెన్షన్ అంతా దాని మీదే. "కూకోనేకపోతే నాకు కూలెవులిస్తారు బాబూ?"

పరీక్ష, ఆలోచన

పాదం వాలిపోయి వచ్చిన ఎవరినైనా ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. రెండు కాళ్లూ బలహీనంగా ఉన్నాయా, మూత్రం, మలం మీద అదుపు తప్పిందా, కూర్చుంటే నేలకు తగిలే భాగంలో స్పర్శ పోయిందా. వీటిలో ఏది ఉన్నా మన దగ్గర ఆగకూడదు, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆమెకు ఇవేవీ లేవు.

తర్వాతి ప్రశ్న, ఈ కేసును తిప్పిన ప్రశ్న: నడుం నొప్పి ముందా, పాదం వాలడం ముందా? పాదమే ముందు, నడుం నొప్పి రెండు వారాల తర్వాత మొదలైందని చెప్పింది. పక్కనే ఉన్న కూతురు కూడా అదే మాట అంది. డిస్క్ నరాన్ని నొక్కితే మామూలుగా నడుం నుంచి తొడ మీదుగా పిక్కలోకి నొప్పి లాగుతుంది, బలహీనత ఆ తర్వాత వస్తుంది. ఎప్పుడూ ఇదే వరస ఉంటుందని కాదు. కానీ ఇక్కడ వరస తిరగబడింది కాబట్టి స్కాన్‌ను పక్కన పెట్టి మొదటి నుంచి చూడాల్సి వచ్చింది.

స్కాన్ గురించి ఒక మాట. ఏ నొప్పీ లేనివాళ్ల వెన్ను స్కాన్లను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. దాని ప్రకారం ఇరవై ఏళ్లవాళ్లలో 30 శాతం మందికి, నలభై ఏళ్లవాళ్లలో 50 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. నలభై దాటిన మనిషి స్కాన్‌లో ఉబ్బు ఉండటం, తల నెరిసిందని తెలుసుకోవడం లాంటిదే. అది ఈమె పాదాన్ని వాల్చిందో లేదో చెప్పాల్సింది కండరాలు.

పాదాన్ని పైకెత్తే కండరాలకు సంకేతం వెన్నులో ప్రధానంగా ఎల్5 అనే నరపు వేరు నుంచి బయల్దేరుతుంది. అది సయాటిక్ నరంలో కలిసి తొడ వెనకగా దిగుతుంది. మోకాలి గుంటకు కాస్త పైన ఆ నరం రెండవుతుంది. టిబియల్ నరం పిక్కలోకి తిన్నగా పోతుంది. కామన్ పెరోనియల్ నరం బయటివైపు తిరిగి, ఫిబ్యులా మెడ చుట్టూ మళ్లి కాలి ముందు భాగానికి వస్తుంది. కాబట్టి పాదం లేవకపోతే దెబ్బ వెన్ను దగ్గరైనా ఉండొచ్చు, మోకాలి పక్కనైనా ఉండొచ్చు. తేడా పట్టాలంటే, ఎల్5 నుంచి సంకేతం అందుకుంటూనే పెరోనియల్ నరం దారిలో లేని కండరాలను పరీక్షించాలి. అలాంటివి రెండు మనకు చేతికి అందుతాయి. తుంటి పక్కన ఉండే గ్లూటియస్ మీడియస్ ఒకటి, పాదాన్ని లోపలికి తిప్పే టిబియాలిస్ పోస్టీరియర్ ఇంకొకటి.

పక్కకు పడుకోబెట్టి కాలు పైకెత్తమని, ఎత్తిన కాలిని గట్టిగా కిందికి నొక్కాను. పూర్తి బలం, అయిదుకు అయిదు. పాదం లోపలికి తిప్పమంటే మొదట బలహీనంగా అనిపించింది. ఇక్కడ చాలామంది పొరబడతారు. వాలిపోయిన పాదం ఆ స్థితిలో లోపలికి సరిగా తిరగలేదు, బలమున్నా కనిపించదు. మడమ కింద చెయ్యి పెట్టి, పాదాన్ని నేను ఎత్తి తొంభై డిగ్రీల దగ్గర పట్టుకుని, అప్పుడు లోపలికి తిప్పమన్నాను. నా చేతిని తోసేసింది. ఆ కండరం బాగానే ఉంది. పాదం పైకెత్తడంలో మాత్రం సన్నటి కదలిక, అయిదుకు ఒకటి. బయటికి తిప్పడం రెండు. బొటనవేలు పైకి రావడం లేదు. చీలమండ రిఫ్లెక్స్ (మడమ వెనక తడితే పాదం అదరడం) రెండువైపులా సమానం. కాలు తిన్నగా ఎత్తినా నడుం నుంచి లాగడం లేదు. స్పర్శ తగ్గింది పాదం పైన, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య, కాలి బయటి పక్క కింది భాగంలో.

చివరగా ఫిబ్యులా మెడ మీద వేలితో మెల్లగా తట్టాను. పాదం మీదకి కరెంటు పాకినట్టు "జివ్వుమంది" అని కాలు లాక్కుంది. నరం మీద తట్టి చూసే ఈ పరీక్షకు ఫ్రాన్స్ వైద్యుడు జూల్స్ టినెల్ పేరు ఉంది, ఆయన దీన్ని 1915లో వివరించాడు. ఎడమకాలి మీద అదే చోట తడితే ఏమీ లేదు.

అక్కడితో వెన్ను పక్కకు వెళ్లింది, మోకాలి పక్క ముందుకు వచ్చింది. కానీ ఈ చోటే నరం దెబ్బతినడానికి ఇంకో కారణం ఉంది: కుష్ఠు. అది తరచుగా పట్టే నరాల్లో ఇదొకటి. వేళ్లతో నరాన్ని ఫిబ్యులా మీద దొర్లించి చూశాను. నొక్కితే నొప్పి ఉంది, కుష్ఠులోలా లావెక్కలేదు. మోచేతి వెనక అల్నార్ నరం కూడా మామూలుగానే ఉంది. స్పర్శ లేని పాలిపోయిన మచ్చల కోసం ఒళ్లంతా చూడమని మా దగ్గర పనిచేసే అమ్మాయికి అప్పగించాను. ఏమీ లేవు. పీహెచ్‌సీ డాక్టరుగారు కూడా చూసి అదే తేల్చారు. మన ప్రాంతంలో పాదం వాలిన మనిషికి ఈ పరీక్ష చేయకుండా పంపడం తప్పు. కుష్ఠుకు ఉచితంగా మందు ఉంది, ఆలస్యమైతే పోయిన నరం తిరిగి రాదు.

షుగరు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) పరీక్షలు చేయించమని అదే డాక్టరుగారిని అడిగాను. షుగరు లేదు. క్రియాటినిన్ ఉండాల్సినదానికంటే కొంచెం ఎక్కువ. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఆ జబ్బు లేని ఊరు చెప్పడం కష్టం, దానికి అసలు కారణం ఇంతవరకు తేలలేదు. అలాంటి చోట డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు నెలల తరబడి వాడితే కిడ్నీల మీద ఎంత భారమో చెప్పక్కర్లేదు. ఆమె మాత్రలు డాక్టరుగారు ఆపించి, కిడ్నీ విభాగానికి పంపారు. నొప్పితో వచ్చే ప్రతి మనిషినీ, మెడికల్ షాపులో కొని ఏం మింగుతున్నావని అడగడం ఈ ప్రాంతంలో వైద్యంలో భాగమే అనుకుంటాను.

నరం అక్కడే ఎందుకు నలుగుతుంది

నరం అంటే ఒట్టి తీగ కాదు. ప్రతి నరపు పోగు చుట్టూ సంయోజక కణజాలపు (అన్నిటినీ కలిపి పట్టి ఉంచే కణజాలం) పలుచని పొర ఉంటుంది, దాన్ని ఎండోన్యూరియం అంటారు. పోగులు కట్టలు కట్టలుగా చేరి పెరిన్యూరియంలో, ఆ కట్టలన్నీ కలిసి ఎపిన్యూరియంలో ఉంటాయి. పై పొర మెత్తగా ఉండి ఒత్తిడి తగలకుండా కాస్తుంది. మోకాలు ముడిచినా చాచినా నరం తన చుట్టూ ఉన్న పొరల్లో కాస్త అటూ ఇటూ జారుతుంది. అలా జారగలిగినంత కాలం సాగదీత అంతా పొడవునా పంచుకుంటుంది.

పెరోనియల్ నరానికి ఆ వెసులుబాటు తక్కువ. టిబియల్ నరంతో పోలిస్తే దీనిలో కట్టలు తక్కువ, ఒక్కొక్కటీ లావు, మధ్యలో మెత్తటి సంయోజక కణజాలం తక్కువ. పైన తుంటి దగ్గరా, కింద ఫిబ్యులా మెడ దగ్గరా కట్టేసినట్టు ఉంటుంది. ఫిబ్యులా మెడ దగ్గర పెరోనియస్ లాంగస్ కండరం మొదలయ్యే చోట ఒక గట్టి పీచు పట్టీ ఉంది. నరం ఎముకకూ ఆ పట్టీకీ మధ్య నుంచి దూరి వెళ్తుంది. పైన చర్మం, పలుచని కొవ్వు, అంతే. మోకాలు పూర్తిగా మడిచినప్పుడు పీచు పట్టీ బిగుసుకుంటుంది, పక్కనే ఉన్న బైసెప్స్ ఫిమోరిస్ (తొడ వెనక కండరం) టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడు, కూడా దగ్గరవుతుంది. ఆ స్థితిలో ఒంటి బరువుతో బయటి పక్క సిమెంటు నేలకు ఆనితే నరానికి రక్తం అందించే సన్నటి నాళాలు నలుగుతాయి. గంటలకొద్దీ అలాగే సాగితే పోగుల మీద ఉండి సంకేతాన్ని వేగంగా నడిపే మైలిన్ పొర ఆ ఒక్కచోట దెబ్బతింటుంది. సంకేతం అక్కడిదాకా వస్తుంది, దాటలేదు.

నడుం నొప్పి సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. పాదం లేవనప్పుడు వేళ్లు నేలకు తగలకుండా కుడి కటిని ఎత్తి అడుగు వేయాలి. ఆ పని నడుం పక్కనుండే క్వాడ్రేటస్ లంబోరమ్ మీద పడుతుంది. దాన్ని పట్టి ఉంచే ఫేషియా (కండరాలను చుట్టే గట్టి పొర) నడుం వెనకంతా పరుచుకుని రెండో వైపు కండరాలతో కూడా కలిసి ఉంటుంది. రోజంతా ప్రతి అడుగుకీ ఒక పక్కే ఎత్తితే నడుం పట్టేయక మానదు. అంటే పాదం వాలడానికి నడుం కారణం కాదు, నడుం నొప్పికి పాదం కారణం.

ఏం చేశాం, ఏది నిలవలేదు

మొదట పని మాన్పించాం. నొక్కుడు ఆగకుండా ఏ వ్యాయామం చేయించినా వృథా అన్నది కారణం. కొన్నాళ్లు మానేసింది, ఇల్లు గడవక మళ్లీ వెళ్లింది. దాన్ని ఆమె మొండితనం అనుకోలేం. కిలోల లెక్కన బతికే మనిషికి "రెస్ట్ తీసుకో" అన్న మాట సలహా కిందకు రాదు.

రెండోది స్ప్లింట్, అంటే పాదం వాలకుండా పట్టి ఉంచే ఆధారం. ఆమె ఎవరో చెప్పారని అప్పటికే షాపులో ప్లాస్టిక్ స్ప్లింట్ కొనుక్కుంది. పిక్క వెనకగా వచ్చి పైన పట్టీతో బిగించే రకం. పాదం నిలబడింది గానీ తిమ్మిరి ఎక్కువైంది. విప్పి చూస్తే పై అంచు గుర్తు సరిగ్గా ఫిబ్యులా మెడ మీద పడి ఉంది. ఆమె కాలు పొట్టి, స్ప్లింట్ కొలత పెద్దది. నరాన్ని నేల నొక్కుతున్న చోటే స్ప్లింట్ కూడా నొక్కుతోంది. అదే రోజు తీయించేశాం.

మూడోది నరాన్ని జార్చే వ్యాయామాలు. పడుకుని మోకాలు చాచి ముడుస్తూ, పాదాన్ని ఎదురు దిశలో కదిలించడం. కొన్ని రోజులు మెల్లగా చేయించాం. తిమ్మిరి కాస్త తగ్గేది, మర్నాడు పనికి వెళ్లొస్తే మళ్లీ మొదటికే వచ్చేది. వెనకటి చోట తొడ వెనక కండరాన్ని బలంగా సాగదీయించారట, దానితో బాధ పెరిగిందని చెప్పింది. నలిగిన నరాన్ని రెండు చివర్లా పట్టుకుని లాగితే అలాగే ఉంటుంది. కాబట్టి సాగదీతలు పూర్తిగా ఆపాం, జార్చే వ్యాయామాలు తర్వాతకు వాయిదా వేశాం.

ఈలోగా తేల్చుకోవాల్సింది నరం ఎంత దెబ్బతిన్నదని. హెర్బర్ట్ సెడన్ 1943లో నరాల దెబ్బలను మూడుగా విడదీశాడు. మైలిన్ మాత్రమే దెబ్బతిని పోగు బతికి ఉంటే న్యూరాప్రాక్సియా, వారాల నుంచి మూడు నెలల్లో కోలుకుంటుంది. పోగు తెగితే ఆక్సోనాట్మీసిస్, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరగాలి. నరం మొత్తం తెగితే న్యూరాట్మీసిస్, ఆపరేషన్ లేకుండా దారి లేదు. మా దగ్గరున్న పాత స్టిమ్యులేటర్‌తో కాలి ముందు కండరానికి ఫారడిక్ కరెంటు (నరం ద్వారా కండరాన్ని కదిలించే చిన్న కరెంటు అదుర్లు) ఇచ్చాను. పాదం చక్కగా పైకి లేచింది. ఆమె తన పాదాన్నే వింతగా చూసింది. దెబ్బ తగిలి నెల దాటాక కూడా చిన్న కరెంటుకు కండరం స్పందించిందంటే కింది నరం బతికే ఉంది. పోగులు తెగి ఉంటే ఈపాటికి ఆ స్పందన పోయేది. విశాఖలో నర్వ్ కండక్షన్ పరీక్ష (నరంలో సంకేతం ఎలా పోతుందో కొలిచేది) చేయించుకోమని న్యూరాలజిస్టుకు ఉత్తరం రాశాను. ఫిబ్యులా మెడ కింద ఉత్తేజపరిస్తే సంకేతం బాగుంది, మెడ పైన ఉత్తేజపరిస్తే సగానికి పైగా పడిపోయింది. అడ్డంకి ఎక్కడుందో కాగితం మీద వచ్చింది. నాలుగు నెలలైనా కదలిక రాకపోతే పీచు పట్టీ విడదీసే ఆపరేషన్ గురించి ఆలోచిద్దామని న్యూరాలజిస్టు, నేను, ఆమె ముందే అనుకున్నాం. గడువు తెలిసేసరికి ఆమె కంగారు చాలా తగ్గింది.

ఏది పనిచేసింది

కూర్చునే తీరు మార్చడం. చెప్పినంత సులువు కాదు. అందరూ నేల మీద వరసగా కూర్చునే చోట ఒకరే బల్ల మీద కూర్చుంటే పని నెమ్మదిస్తుందని మేస్త్రీ ఒప్పుకోలేదు. ఆమె కూతురు ఇంట్లో ఉన్న పొట్టి బెంచీ, పళ్లెం పెట్టుకోవడానికి ఎత్తయిన స్టూలు తీసుకెళ్లి, తల్లి పక్కన కూర్చుని రెండు రోజులు చూపించింది. ఒలిచిన తూకం తగ్గలేదు. మేస్త్రీ మరి మాట్లాడలేదు. మోకాళ్లు తొంభై డిగ్రీలకు మించి ముడవకుండా, పాదాలు నేలకు ఆనేలా కూర్చోవడం, గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయడం. ఇంట్లో కూర పనీ, బట్టల పనీ కూడా నేల మీద కుడికాలు మడిచి చేయకూడదని చెప్పాం. రాత్రి కుడివైపు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు.

ప్లాస్టిక్ స్ప్లింట్ బదులు చీలమండ చుట్టూ పట్టీ, దాని నుంచి చెప్పు ముందు భాగానికి ఎలాస్టిక్. మోకాలి దాకా ఏమీ రాదు. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనిపించాం. గడప తగిలి పడటం అక్కడితో ఆగింది. పాదం వాలే ఉంటే పిక్క కండరం, మడమ వెనక టెండన్ కుంచించుకుపోతాయి. నరం తిరిగి వచ్చేసరికి చీలమండ బిగిసిపోయి ఉంటే లాభం ఉండదు. అందుకని తువ్వాలుతో పాదాన్ని పైకి లాగి ఉంచడం పొద్దునా సాయంత్రం కూతురు దగ్గరుండి చేయించింది. ఇది తప్ప మొదటి వారాల్లో బలం కోసం ఏమీ చేయించలేదు. సంకేతం అందని కండరానికి బలం వ్యాయామం అర్థం లేని శ్రమ.

మూడో వారంలో బొటనవేలు కొద్దిగా కదిలింది. తర్వాత పాదం లేవడం, బయటికి తిరగడం కొంచెం అటూ ఇటూగా ఒకేసారి మెరుగయ్యాయి. ఇది కూడా ముఖ్యమైన గుర్తే. పోగు తెగి మళ్లీ పెరుగుతుంటే దగ్గరి కండరాలు ముందు, దూరపువి తర్వాత వరసగా వస్తాయి. మైలిన్ మానితే అన్నీ దాదాపు కలిసే వస్తాయి. అప్పుడు బలం పని మొదలుపెట్టాం: ముందు బరువు లేకుండా, తర్వాత రబ్బరు పట్టీతో, ఆ తర్వాత మడమల మీద నడక. నరాన్ని జార్చే వ్యాయామాలు మళ్లీ ఇప్పుడు చేర్చాం, ఈసారి తిమ్మిరి పెరగలేదు. రెండో నెల చివరికి బలం అయిదుకు నాలుగు. నడక సరైన కొద్దీ నడుం నొప్పి దానంతట అదే తగ్గిపోయింది. నడుముకు మేం విడిగా ఏ వైద్యమూ చేయలేదు.

తోటి ఫిజియోలకు

పాదం వాలిన మనిషి ఎంఆర్‌ఐ కవరుతో వస్తే, కవరు విప్పేముందు తుంటి బలం, పాదం లోపలికి తిరిగే బలం చూడండి. పాదాన్ని మీరు ఎత్తి పట్టుకుని చూడండి. అయిదు నిమిషాల పని, నెలల ట్రాక్షన్‌ను తప్పిస్తుంది. తుంటి బలం కూడా పడిపోయి ఉంటే ఈ కేసు మీకు వర్తించదు, వెన్ను వైపే వెళ్లండి.

రోగి ఎలా కూర్చుంటుందో మాటల్లో అడిగి వదిలేయకండి, కూర్చోబెట్టి చూడండి. నేల మీద కూర్చుని పొగాకు కట్టే చోట, చేపలు ఎండబెట్టే చోట, పొలం పనుల్లో గొంతుక్కూర్చునే చోట కూడా ఈ నరం ఇలాగే నలగవచ్చు. గొంతుక్కూర్చుని గంటలకొద్దీ చేసే పొలం పనుల్లో పాదం వాలిన కేసులు చాలా దేశాల నుంచి వైద్య పత్రికల్లో వచ్చాయి. ఈమధ్య బరువు తగ్గారా అని తప్పక అడగండి. జ్వరం, బాలింత దశ, షుగరు, కఠిన ఉపవాసం, కారణం ఏదైనా కావచ్చు.

స్ప్లింట్ ఇచ్చేటప్పుడు పై అంచు ఫిబ్యులా తలకాయ కిందకు కనీసం మూడు వేళ్ల ఎడం ఉండాలి. అరగంట నడిపించి, విప్పి, చర్మం మీద ఎర్ర గుర్తు ఎక్కడ పడిందో చూసి మరీ ఇంటికి పంపండి.